ముప్ఫై ఒక్కరు తక్కువ

"ముప్ఫై ఒక్కరు తక్కువయ్యారండీ," అన్నాడు జనాభా లెక్కల గుమాస్తా, కాగితం మీంచి తలెత్తకుండా.

కౌన్సిలర్ కాగితం మీదికి వంగాడు. "తక్కువైతే ఏమవుతుంది?"

"వార్డు అంటే అయిదు వేలమంది ఉండాలి. మీదాంట్లో నాలుగు వేల తొమ్మిది వందల అరవై తొమ్మిదే. పక్క వార్డులో కలిపేస్తారు. అభ్యంతరాలుంటే సోమవారానికల్లా ఇవ్వండి."

"పదిహేనేళ్ళుగా గెలుస్తున్న వార్డయ్యా అది! జనమంతా ఏమైపోయారు?"

"పాత ఇళ్ళన్నీ గోడౌన్లయ్యాయి కదండీ. బస్తాల్ని లెక్కలో వేసుకునే రూలు లేదు."

సోమవారానికి మిగిలిన రెండు రోజులూ కౌన్సిలర్ ఒక చోట నిలవలేదు. వీధి వీధీ తిరిగాడు. ఏ గుమ్మం ముందు చూసినా తాళమో, లారీయో. తనకి ఓట్లేసిన పెద్దవాళ్ళు కొందరు పోయారు, కొందరు పిల్లలతో పాటు ఊరి చివరి అపార్ట్‌మెంట్లకి మారిపోయారు. ఆదివారం మధ్యాహ్నానికి దొరికింది ఒకే ఒక్క వాచ్‌మన్. అతన్నీ అప్పటికే లెక్కపెట్టేశారు.

ఇంటికొచ్చి కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాడు.

"బట్టల కంపెనీ మేడమీద ఆడపిల్లల హాస్టలుందిగా," అంది భార్య, మంచినీళ్ళు పెడుతూ. "నలభై ఆరుమంది. లెక్కలవాళ్ళు వచ్చిన రోజు అందరూ డ్యూటీలో ఉన్నారట."

"నీకెవరు చెప్పారు?"

"వాళ్ళే చెప్పారు. నేను అప్పుడప్పుడూ..."

మిగతాది వినడానికి కౌన్సిలర్ అక్కడ లేడు. చెప్పులేసుకుని, లెక్కల ఫారాల కట్ట పట్టుకుని వీధిలో పడ్డాడు.

హాస్టల్ వార్డెన్ అతన్ని గుమ్మంలోనే నిలబెట్టేసింది. "మొన్న ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్ పంపమని మీ దగ్గరకొచ్చాం. 'మీకిక్కడ ఓట్లు లేవుగా' అన్నారు. గుర్తుందా?"

"తప్పయిపోయిందమ్మా."

"ఇప్పుడు మనుషుల్లా కనిపిస్తున్నామన్నమాట."

కౌన్సిలర్ చేతులు జోడించాడు. వారంలో కుళాయి వేయిస్తానని ఒట్టేశాడు. ఆ ముఖం చూసి నవ్వొచ్చిందో జాలేసిందో గానీ, ఆవిడ పక్కకి తప్పుకుంది. అమ్మాయిలు మంచాలు దిగి అతను తెచ్చిన ఫారాలు నింపడం మొదలెట్టారు.

"ఎంతకాలంగా ఉంటున్నారు అని ఉందండీ," అంది ఒకమ్మాయి. "నాలుగేళ్ళు అని రాయనా?"

నాలుగేళ్ళు! ఒక్కసారైనా ఆ మొహం చూసిన జ్ఞాపకం లేదు కౌన్సిలర్‌కి. కాస్త సిగ్గేసింది. అంతలోనే గడియారం చూసుకుని, "తొందరగా కానివ్వండమ్మా," అన్నాడు.

సోమవారం గుమాస్తా ఫారాలన్నీ రెండుసార్లు లెక్కపెట్టాడు. "అయిదు వేల పదిహేను. మీ వార్డు నిలబడిందండీ."

కౌన్సిలర్ ఊపిరి పీల్చుకోబోయాడు.

"కాకపోతే..." గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇప్పుడు మీ వార్డులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు పదకొండుమంది ఎక్కువ. ఆడవాళ్ళు ఎక్కువున్న వార్డులన్నీ ఈసారి మహిళలకే ఇస్తున్నారు. మీరు నిలబడ్డానికి లేదు."

కౌన్సిలర్ బయటికొచ్చాడు. వరండాలో ఈ చివర్నించి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగాడు. అయిదోసారికి దారి తట్టింది. అక్కడే నిలబడి పార్టీ అధ్యక్షుడికి ఫోన్ కొట్టాడు.

"అన్నా, సీటు మహిళలకి పోయింది. ఏం ఫర్వాలేదు, మా ఆవిడ్ని నిలబెడతా. పేరు ఆవిడది, పెత్తనం నాది. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడుతుంది. టికెట్ దరఖాస్తు సాయంత్రానికల్లా తెస్తాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"దరఖాస్తు అక్కర్లేదోయ్. ఆవిడది నెల క్రితమే వచ్చింది."

"నెల క్రితమా? సీటు మహిళలకి పోతుందని అప్పుడు ఎవరికి తెలుసన్నా?"

"ఎవరికీ తెలీదు," అన్నాడు అధ్యక్షుడు. "ఈసారి నీకు కాకుండా తనకిమ్మని రాసింది."