బౌలర్ వెనక మనిషి

"తర్వాతి బాల్ తలకొస్తది."

భూమేశ్ తిరిగి చూశాడు. రాయి మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. భుజాన తువ్వాల, కళ్లు బౌలర్ మీద.

బాల్ నిజంగానే తల మీదికి లేచింది.

"నీకెట్ల తెల్సు కాకా?"

"బౌన్సర్ ఏసే ముంగట వాడు ఎడమ చేత్తోని నొసలు తుడుసుకుంటడు. సూడు."

పక్క క్యాంప్ బౌలర్ వహీద్ ఎడమ చేత్తో నుదురు తుడుచుకున్నాడు. పరిగెత్తాడు. బాల్ మళ్లీ తలకే వచ్చింది.



అది ఒమన్‌లో, అల్ అమెరాత్ దగ్గర ఎండిన వాగు. కిందటేడు తుఫానుకు వరద వచ్చి వాగునంతా ఊడ్చుకుపోయినా ఆ రాయి మాత్రం కదల్లేదట. కుర్రాళ్లు సైట్‌లో మిగిలిన సిమెంటు తెచ్చి మళ్లీ పిచ్ వేసుకున్నారు. శుక్రవారం వస్తే లేబర్ క్యాంపులన్నీ అక్కడే.

పెద్దమనిషి పేరు ఇస్తారి అని తెలిసింది. ఏ కంపెనీయో, ఏ రూమో ఎవరికీ తెలియదు. అడిగితే నవ్వేవాడు కాదు, చెప్పేవాడు కాదు.

రుసైల్ క్యాంప్ తెలుగు టీమ్‌కి భూమేశ్ కెప్టెన్. ఆ రోజు నుంచి ఇస్తారి తువ్వాలే వాళ్లకు దారి చూపింది. అవతలి బౌలర్ వెనక రాయి మీద కూర్చుంటాడు. తువ్వాల తల మీద వేసుకుంటే బౌన్సర్. భుజం మీదైతే స్లో బాల్. కాళ్ల దగ్గర పెడితే యార్కర్.

ఒక్కసారీ తప్పలేదు.

ఇది న్యాయమేనా అని ఎవరూ అడగలేదు. గెలిచేవాళ్లు అడగరు.

భూమేశ్‌కి ఈసారి క్యాంపుల టోర్నమెంట్ కప్పు కావాలి. తమ్ముడు ఆంజిని తనే ఒమన్‌కి తెచ్చాడు. ఆంజి రోజంతా ఎండలో రాడ్ కడతాడు. ఫోన్ చేసినప్పుడల్లా తల్లి గౌరవ్వది ఒకటే మాట.

"తమ్ముడు నల్లబడ్డడా బిడ్డా?"

కంపెనీ ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, క్రికెట్ పిచ్చి. కప్పు తెస్తే ఆంజిని స్టోర్‌లో వేస్తానని మాటిచ్చాడు. స్టోర్ అంటే నీడ. స్టోర్ అంటే ఏసీ.

సెమీఫైనల్లో మళ్లీ వహీద్ టీమే ఎదురైంది. ఆట మధ్యలో ఇస్తారి లేచాడు. తువ్వాల తడిపి నేరుగా వహీద్ దగ్గరికి నడిచాడు.

"బస్ బేటా. బైఠ్ జా."

చాలు, కూర్చోమంటే వహీద్ నవ్వి పక్కకు తోశాడు. కాసేపటికే పరిగెత్తుతూ పరిగెత్తుతూ కుప్పకూలాడు. ఆస్పత్రిలో ఎన్నాళ్లకో కళ్లు తెరిచాడు.

అతను కూలిన రాత్రి రూమ్‌లో అదే మాట.

"ముసలోడు ఏం చెప్తే అదే అయితుంది."

"చెప్తలేడురా, చేస్తుండు. బాణామతి!"

కాకి వాలిందీ తాటిపండు పడిందీ అనుకుని ఊరుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇస్తారి పక్కన కూర్చోవడం మానేశారు. తువ్వాల వైపు చూడటం మాత్రం మానలేదు.

ఫైనల్. భూమేశ్ టీమ్ ముందు ఆడి పరుగులు బాగానే చేసింది. తర్వాత ఆంజి బాల్ అందుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఆఖరి ఓవర్ మిగిలింది.

రాయి మీద ఇస్తారి ఆంజినే చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు.

భూమేశ్‌కి వహీద్ గుర్తొచ్చాడు.

ఇస్తారి దగ్గరికొచ్చాడు. చేతిలో తడి తువ్వాల.

"కెప్టెన్, వానికి బాల్ ఇయ్యకు."

"ఎందుకు?"

"వాడు నొసలు తుడుసుకుంటలేడు."

"అయితేంది?"

"జెర ఇను బిడ్డా..." ఇస్తారి అతని చెయ్యి పట్టుకున్నాడు. అంత ఎండలోనూ ఆ చెయ్యి శవం చెయ్యిలా చల్లగా తగిలింది.

భూమేశ్ విదిలించుకున్నాడు. "నా తమ్మునికి దూరముండు! నీ కన్ను వాని మీద పడనియ్యకు!"

కుర్రాళ్లు ఇస్తారిని రోడ్డు వైపు నెట్టుకుపోయారు. ఆయన తిట్టలేదు. పోతూ పోతూ తడి తువ్వాలను మాత్రం రాయి మీద పెట్టాడు.

భూమేశ్ తమ్ముడి చేతిలో బాల్ పెట్టాడు.

"ఇంకొక్క ఓవర్ తమ్మీ. రేపట్నుంచి ఏసీ కింద కూసుందువు."

ఆంజి నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి. నుదుటి మీద చుక్క చెమట లేదు.

ఓవర్ చివరి బాల్‌కి వికెట్లు ఎగిరిపోయాయి. గెలిచారు!

అందరూ కేకలు వేస్తూ ఆంజి వైపు పరిగెత్తారు. ఆంజి మాత్రం ఆగలేదు. బ్యాట్స్‌మన్‌ని దాటాడు, వికెట్లు దాటాడు. ఎవరో పిలుస్తున్నట్టు పరిగెత్తి పరిగెత్తి గులకరాళ్ల మీద బోర్లా పడ్డాడు.

భూమేశ్ వెల్లకిలా తిప్పాడు. ఒళ్లు పొయ్యి మీది పెనంలా ఉంది.

"నీళ్లు! ఆ తువ్వాల తేండ్రా!"

తెచ్చారు. అదీ ఎండిపోయింది.

ఆంజి పెట్టెలో ఇంటికి వెళ్లాడు. కప్పు రూమ్‌లో ఉండిపోయింది.

భూమేశ్ ఇస్తారి కోసం రుసైల్ అంతా తిరిగాడు. అమెరాత్‌లో సైట్ సైట్‌కీ వెళ్లాడు. కాళ్ల మీద పడాలనుకున్నాడు. ఆయన జాడ లేదు. చివరికి వాగు దగ్గర, నీళ్ల ట్యాంకర్ తోలే ఓబయ్య కనిపించాడు. కడప మనిషి, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాడు.

"ఇస్తారి కాకను చూసినవా అన్నా?"

"వీసా అయిపోయి మొన్ననే ఇంటికి పోయినాడు కదప్పా."

ఓబయ్య రాయి వైపు చూశాడు.

"తుపానుకు ముందు ఎండాకాలం, ఈడే ఒక పిల్లోడు బౌలింగ్ వేస్తా వేస్తా పడి సచ్చిపోయినాడు. మీ తమ్ముడు మాదిరే. ఒళ్లంతా కాలిపోతాండె, చుక్క చెమట లేదు."

"ఆ పిల్లగానికీ కాకకూ ఏంది?"

ఓబయ్య ట్యాంకర్ కుళాయి కట్టేశాడు.

"ఆ రాయి మీద కూసోని, 'ఇంకొక్క ఓవర్ రా కొడకా' అని కేకలేసిన వాళ్ల నాయన... ఆయనే."