మేకపిల్లను ముద్దాడిన రోజు

ఊళ్లలో ప్రాణమున్న మేకలు కనిపించడం మానేశాక, పిల్లలకు వాటిని చూపించాలంటే అరకు దారిలో సింహాద్రమ్మ పొలమే దిక్కు. మనుషుల జబ్బులు మేకలకు అంటకుండా గేటు దగ్గర యంత్రం ఒళ్లు వేడి చూసి, పచ్చ దీపం వెలిగితేనే లోపలికి పంపుతుంది.

వకుళ ఆరు నెలల ముందే టిక్కెట్లు తీసుకుంది. తీరా ఆ ఉదయం కూతురు ఇందుజకు జ్వరం. కారులోనే మందు పట్టింది. దీపం పచ్చగా వెలిగింది. పాప మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ముద్దాడుతుంటే మురిసిపోయి ఫొటోలు తీసింది.

మూడో రోజు తిరుగు ప్రయాణంలో సింహాద్రమ్మ ఫోన్ చేసింది.

"ఏటనుకోకమ్మా, వచ్చినోళ్లందర్నీ అడుగుతున్నాను. మేకపిల్ల ఒకటి పొద్దున్నే సచ్చిపోనాది. ఇంకో రెండు లేవట్నేదు. మీ పాపకేటైనా నలతగా ఉండిందా?"

లేదంటే సరిపోయేది. యంత్రమే సాక్ష్యం. వకుళ కారు పక్కకు ఆపింది.

"ఆ రోజు జ్వరం ఉందండీ. గేటు దాటాలని మందేసి తెచ్చాను. తప్పు నాదే."



"ముందే సెప్పుంటే ఇంకో రోజు రమ్మందును కదమ్మా," అంది సింహాద్రమ్మ. "పోన్లే, ఇది మనిషి జరమని తెలిసింది. డాక్టరు ఆ రెండిటికీ మందేత్తాడు." ఫోన్ పెట్టబోతూ ఆగి, "పాపకి తగ్గిందా తల్లీ?" అని అడిగింది.

వెనక సీట్లో ఇందుజ కేరింతలు కొడుతోంది. తగ్గిందని చెప్పడానికి వకుళకు నోరు రాలేదు.