చాచిన చెయ్యి

"ఆ డ్రయ్యర్ ఒక్క నిమిషం ఆపండి," అంది ఒదెత్, తలనిండా రోలర్లతో.

మరీవోన్ ఆపింది. ఆమె సెలూన్‌లో డబ్బిచ్చి కూర్చుని డ్రయ్యర్ ఆపమనే మనిషి ఒదెత్ ఒక్కతే. అదీ శనివారం పూట, టిబో కొత్త వీడియో పెట్టినప్పుడు మాత్రమే.

టిబో తెలియనివాళ్ళు పారిస్‌కి దక్షిణాన ఆ శివారులో లేరు. అక్కడి అపార్టుమెంట్ల మధ్యే పెరిగాడు. మెట్లుండగా గోడలెక్కి, వంతెనలుండగా పైనుంచి దూకి పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో పోలీసులు తరిమేవారు. ఇప్పుడు ఆ పోలీసుల పిల్లలే అతని బొమ్మ ఉన్న చొక్కాలు తొడుక్కుంటున్నారు.

"చూడ్డానికి కళ్ళు చాలవా మదాం? నిశ్శబ్దం కూడా కావాలా?" అంది మరీవోన్.

"నాకు చప్పుడు వినపడాలి."

పక్క కుర్చీలో జుట్టుకి రంగు పట్టించుకున్న నసీరా కిసుక్కున నవ్వింది. "ఈ వయసులో నీకిదేం పిచ్చి ఒదెత్? వాడు నీకు మనవడి ఈడువాడు."

"కొడుకు ఈడువాడు," అని సరిదిద్దింది ఒదెత్.

ఒదెత్‌కి నిజంగానే ఒక కొడుకున్నాడు, లుడో. పారిస్‌లో ఉంటాడు. రైలెక్కితే గంట కూడా పట్టదు. అయినా రాడు. ఫోనూ చెయ్యడు. చేసినప్పుడల్లా తల్లి ఒకటే ప్రశ్న వేసేది, ఆ ఉద్యోగం ఎప్పుడు మానేస్తావని. ప్రశ్న మార్చడం ఆమెకి చేతకాలేదు. ఫోను మానెయ్యడం అతనికి చేతనైంది.

"ఇంతకీ ఏం ఉద్యోగం?" అని నసీరా ఒకసారి అడిగింది.

"ఎవరి కంటా పడని ఉద్యోగం."

"ఇన్‌కం టాక్సా?"

ఒదెత్ నోరు తెరిచేలోగా మరీవోన్ ఆమె తల వంచి నీళ్ళు పోసేసింది. ఆ మాట అంతటితో పోయింది.

ఆదివారాలు ఒదెత్ ఓవెన్‌లో కోడి కాలుస్తుంది. దాన్నే గురువారం దాకా తింటుంది. సగం కోడి కూడా అమ్ముతారు. కానీ సగం కొంటే ఇంట్లో ఒక్కదాన్నేనని ఆ కొట్టువాడి ముందు ఒప్పుకున్నట్టవుతుంది.

ఫోన్లో టిబో పరుగు మొదలెట్టాడు. మిగతా ఇద్దరూ ఒదెత్ భుజాల మీంచి వంగారు. రెయిలింగు దాటాడు, చెత్తడబ్బాలు దాటాడు, గోడ ఎక్కాడు.

"మనం కూడా వాడి వెనకే పరిగెడుతున్నట్టుంటుంది," అంది మరీవోన్. "నాకైతే కుర్చీ గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. అయినా మానలేను."

"అందుకేగా అందరూ చూసేది," అంది ఒదెత్.

చివరికి రెండు మేడల మధ్య సందు. కింద ఆరంతస్తుల లోతు. టిబో దూకాడు.

అవతలి మిద్దె మీద దిగాక అతను ఎప్పుడూ వెనక్కి తిరుగుతాడు, నవ్వుతాడు, మనవైపు చెయ్యి చాస్తాడు. ఆ వెంటనే ఏదో చప్పుడై వీడియో ముగుస్తుంది. ఆ చెయ్యి తనకోసమేనని ఆ ఊళ్ళో ప్రతి ఆడపిల్లా అనుకుంటుంది. మరీవోన్‌కి కూడా కాస్త అనుమానముంది.

ఈసారి చెయ్యి చాచలేదు. కాళ్ళు నేలకి ఆనగానే బొమ్మ బిగుసుకుపోయింది. ఏదో బూట్ల కంపెనీ పేరు పడింది. మొదట్నించి చివరిదాకా ఒకటే డప్పుల మోత.

ఒదెత్ మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. ఆమె మొహం పాలిపోయింది.

"దిగాడుగా," అంది నసీరా. "పిల్లిలా దిగాడు. ఇంకేం కావాలి?"

"చెయ్యి చాచలేదు."

"దానికే అలగాలా?"

ఒదెత్ ఏదో నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగి మోగి ఆగిపోయింది.

"కొంపదీసి టిబోకే చేస్తున్నావా? కోప్పడదామనా?" అంది నసీరా.

ఒదెత్ ఫోను చెవి దగ్గర్నించి దించింది. రెండు వేళ్ళతో తడుముకుంటూ వీడియో కింద టైపు చేసింది: 'డప్పులు తీసెయ్యండి. చివర కొయ్యకండి.'

చెయ్యేదీ అని అప్పటికే వేలమంది గోల పెడుతున్నారు. ఆమె మాట వాళ్ళ మధ్య ఎక్కడో కిందికి జారిపోయింది.

మరీవోన్ డ్రయ్యర్ వేసింది. దాని కింద ఒదెత్ ఫోనుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, వేడి కాఫీ కప్పుని పట్టుకున్నట్టు. నసీరా తల కడిగించుకుని, రంగు మరీ ఎర్రబడిందని దెబ్బలాడి, రాజీపడి, కోటు వేసుకుంది. అప్పుడు ఒదెత్ చెయ్యెత్తింది.

"ఆపండి."

టిబో వాళ్ళు పూర్తి వీడియో పెట్టారు. డప్పుల్లేవు. గాలి, ఊపిరి, అడుగుల చప్పుడు. అంతే.

టిబో సందు దూకాడు. ధబ్.

నసీరా చప్పట్లు కొట్టింది.

"ష్," అంది ఒదెత్.

టిబో వెనక్కి తిరిగాడు. ఈసారి నవ్వలేదు. అంచుదాకా వచ్చి, మోకాలి మీద కూర్చుని చెయ్యి చాచాడు. బొమ్మ ఊగింది. ఆకాశం కనిపించింది. గోడ కనిపించింది. మళ్ళీ ఆకాశం. సెలూన్‌లో గడియారం చప్పుడు కూడా వినపడుతోంది.

ధబ్.

ఒదెత్ ఊపిరి వదిలింది. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని, మెడకి చుట్టిన తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకుంది.

"ఇక వేసుకోండి మీ డ్రయ్యర్."

ఒక చేత్తో కెమెరా పట్టుకుని, టిబో వెనకే అదే సందు దూకిన లుడో పాదాల చప్పుడది.