ఆవిడకో టోకెను

"ఇంటిల్లిపాదికీ పళ్ళు చూపించాలమ్మా, టోకెన్లు ఇవ్వు" అన్నాడు భర్త, పళ్ళాసుపత్రి కౌంటరు మీద మోచేయి ఆనించి, బస్సంతా తనే బాడుగకి మాట్లాడుకున్నంత దర్జాగా.

తనకొకటి, తల్లికొకటి, కూతురికొకటి, కొడుక్కొకటి తీసుకున్నాడు.

అక్కడితో ఇల్లు పూర్తయిపోయింది.

భార్య సంచీ ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర కూర్చుంది. పొద్దున్నే పిల్లల వెంటపడి బ్రష్ చేయించేది ఆవిడే. అత్తగారి కదిలే పన్నుకు ఉప్పునీళ్ళు కాచి ఇచ్చేది ఆవిడే. ఈ పరీక్షల కోసం మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కూడా ఆవిడే.

ఆవిడ నాలుక అంచున ఒక పుండు ఉంది. వారాలు గడిచినా మానడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే చూపించుకోమంటారు. చూపించుకుంటే ఏం మాట వినాల్సి వస్తుందోనని భయం.

పక్కనున్న ముసలాయన ఇటు తిరిగాడు.

"అందరికీ తీసుకున్నారు. మరి మీ టోకెనేదమ్మా?"

"నాకెందుకండీ. నా పళ్ళు రాళ్ళు."

"నిజమేనండోయ్. ఇన్నేళ్ళుగా నన్ను నములుతున్నా అరగలేదు" అన్నాడు భర్త.

పిల్లలు కిసుక్కున నవ్వారు. ముసలాయన నవ్వలేదు. తన టోకెను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకోండి. ఇవాళ్టికి ఇదే ఆఖరుది."

"అయ్యో, మరి మీ నొప్పి మాటేంటి బాబాయిగారూ?"

"నాకేం తొందర్లేదమ్మా. మీరు వెళ్ళండి."

భర్త ఆవిడ చెవి దగ్గర గొణిగాడు, అందరికీ వినపడేట్టుగానే. "ఊరికే ఎవరిస్తారు? బేరాలు పట్టడానికి డాక్టరుగారు పెట్టుకున్న మనిషయ్యుంటాడు. తిరిగిచ్చెయ్."

ముసలాయన మొహం చిన్నబోయింది. అయినా టోకెను కోసం చెయ్యి చాపలేదు.

"ఒక్కసారి డాక్టరుకి నోరు తెరిచి చూపించండమ్మా. ఏం లేదంటే హాయిగా ఇంటికెళ్దురుగాని."

"మా ఇంటి సంగతి మాకు తెలుసులెండి. మీ పని మీరు చూసుకోండి" భర్త గొంతు పెంచాడు.

ముసలాయన లేచి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అందరి పరీక్షలూ అయ్యాయి. కొడుక్కి ఒక పిప్పిపన్ను, తండ్రికి చిగుళ్ళ వాపు, నాయనమ్మకి ఆ కదిలే పన్ను, అంతకు మించి విశేషాలేమీ లేవు. ఆఖరి నంబరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు.

ఆ పెద్దాయన మాట పడింది తన కోసమే కదా అనిపించింది ఆవిడకి. లేచి లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ ఆవిడ నాలుక పక్కకి జరిపి చూసింది. లైటు దగ్గరికి లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా ఇది?"

గుమ్మంలో నిలబడ్డ భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. భర్త వంటింటి గుమ్మం వదల్లేదు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ నవ్వుతూనే లోపలికి పిలిచింది.

"క్యాన్సర్ కాదు. కాకపోతే ఆ దారి పట్టబోతోంది. పుండున్న మేర తీసేసి, గీసుకుంటున్న పన్ను మొన అరగదీస్తే సరిపోతుంది. ఇంకా ఊరుకునుంటే నేనిలా నవ్వుతూ చెప్పేదాన్ని కాదు."

ఆవిడ గుండెల మీది బండ దిగిపోయింది. భర్త మాత్రం కుర్చీలో కూలబడి భోరుమన్నాడు.

"ఊరుకోండి, ఏం లేదంటుంటే!" అంటూ ఆవిడే వీపు రాసింది. ఇన్నాళ్ళకి ఆవిడకి నవ్వొచ్చింది.

బయటికి రాగానే భర్త బల్లలన్నీ వెతికాడు.

"ఆ రోజు మా ఆవిడకి టోకెనిచ్చిన పెద్దాయన ఏరమ్మా?" అని కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగాడు. "నోటికొచ్చినట్టు మాట్లాడాను. చేతులు పట్టుకుని క్షమించమనాలి. ఆయన పన్ను నొప్పి తగ్గిందో లేదో!"

"ఆయనిక రారండీ. వాళ్ళమ్మాయి తనతో వేరే ఊరు తీసుకెళ్ళిపోయింది. అయినా ఆయనకి నొప్పేంటి? అన్నీ కట్టుడు పళ్ళే."

"మరి టోకెనెందుకు తీసుకున్నారు?"

"వారం వారం తీసుకునేవారండీ. పిల్లల్ని, పెద్దల్ని తీసుకొచ్చి తను ఊరికే కూర్చున్న ఇల్లాలు కనబడితే ఇచ్చేసి వెళ్ళేవారు."



"ఎందుకలా?" ఆవిడ మెల్లగా అడిగింది.

అమ్మాయి గొంతు తగ్గించింది.

"వాళ్ళావిడ నోట్లోనూ ఇలాంటి పుండేనటండీ, ఆవిణ్ణి కూడా ఒకసారి డాక్టరుకి చూపిద్దామని ఆయనకి తట్టేసరికి, చూపించడానికి ఆవిడ లేదట."