రెండో వైపు మోత

ఆవిడ పత్రిక కొనలేదు. తొమ్మిదో పేజీ తెరిచి, పెన్ను తీసి, ఒక పేరు కొట్టేసింది.

బల్ల వెనకున్న ఎడిటర్‌కి ఒళ్ళు మండింది.

"ఏం చేస్తున్నారు?"

"తప్పు దిద్దుతున్నాను."

ఎడిటర్ అంటే ముప్పై దాటని అమ్మాయి. పగలు పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది. మిగతా వేళల్లో చెల్లెలితో కలిసి, జిరాక్స్ తీసి పిన్నులు కొట్టి 'రొద' అనే పత్రిక తెస్తుంది. యంత్రాల చప్పుడు, రేడియో గరగర, మైకు కీచు... వీటితో సంగీతం కట్టిన ఆడవాళ్ళ గురించే అందులో ప్రతి అక్షరమూ. వాళ్ళ గురించి ఇంకెవరూ రాయరు. రాసినా, "వంటింట్లో గిన్నెలు పడ్డట్టుంది" అని రాస్తారు. ఓ పెద్ద విమర్శకుడు రాసిన ఆ ముక్కని కత్తిరించి, చిన్న పత్రికల సంతలో తన బల్లకి అంటించుకుంది, కోపం చల్లారకుండా.

ఆవిడ కొట్టేసిన పేరు 'తుప్పు'.

తుప్పు అంటే ఎడిటర్‌కి ప్రాణం. ఇరవై రెండేళ్ళ కిందట, నేత మిల్లులో మగ్గాల మోతతో ఒకే ఒక్క క్యాసెట్ చేసి మాయమైన మనిషి. అసలు పేరేమిటో, మొహం ఎలా ఉంటుందో శ్రోతలెవరికీ తెలియదు.

"క్యాసెట్ రెండో వైపు మోత తుప్పుది కాదు" అందావిడ. అరవై దాటిన మనిషి. "తుప్పు టేప్ రికార్డర్ పట్టుకుని నిలబడింది, అంతే. మోగించింది వేరే ఆమె. చెవుల్లో దూది పెట్టుకునేదని దూది అనేవాళ్ళం. బోల్టులు వదులు చేసి మగ్గం చేత పాడించింది. మేనేజర్‌కి దొరికిపోయింది. ఉద్యోగం పోయింది. క్యాసెట్ మీద పేరూ పోయింది."

"రుజువేది?"

"లేదు. నేనక్కడే పనిచేశాను."

"అయితే ఆ దూదినే వచ్చి చెప్పమనండి."

"ఆమె పోయింది. అందుకే నేనొచ్చాను."

"తుప్పు మీద మీకేమన్నా పగా?"

ఆవిడ తను కొట్టేసిన పేరు వైపు చూసింది.

"ఉంది. చాలా ఉంది."

ఎడిటర్ లేచి నిలబడింది. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పారు.

"ఆడది ఏదైనా చేస్తే చాలు, అది ఆమె చేసింది కాదంటారు. ఇన్నాళ్ళూ మగాళ్ళన్నారు. ఇప్పుడు మీరూ తయారయ్యారా? ఓర్వలేకపోతే ఇంట్లో కూర్చోండి. సాటి ఆడమనిషి పేరు చెరపడానికి ఇంత దూరం రావాలా?"

"చెరపడానికి కాదమ్మా. ఇంకో పేరు రాయించడానికి."

ఎడిటర్ ఆవిడ చేతిలోంచి పత్రిక లాక్కుంది.

చెల్లెలు మోచేత్తో పొడిచింది. "ఆవిడ చెప్పేది పూర్తిగా విందాం అక్కా."

"వినేదేముంది? నువ్వూరుకో."

ఆవిడ పెన్ను మూసి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఎడిటర్ కోపం ఆ పూటతో పోలేదు. తర్వాతి సంచిక మొదటి పేజీ నిండా ఆవిడనే దులిపేసింది. శీర్షిక 'ఓర్వలేనమ్మ'. ఆ పేజీకి బొమ్మ వేయనని చెల్లెలు తెగేసి చెప్పింది. అక్కే వేసుకుంది, మూరెడు నాలుకతో.

కాపీలు తయారవగానే మొట్టమొదటిది పట్టుకుని క్యాసెట్ల బాబాయ్ కొట్టుకి పరుగెత్తింది. అప్పట్లో తుప్పు క్యాసెట్ వేసింది ఆయనే. మూడేళ్ళుగా తుప్పుకి రాసిన ఉత్తరాలన్నీ ఆయన చేతుల మీదుగానే పంపింది. ఒక్కదానికీ జవాబు లేదు.

"బాబాయ్, ఇది ఆమెకి చేర్చాలి. ఆమె తరఫున ఎంత గట్టిగా దెబ్బలాడానో తెలియాలి."

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇక చేరదమ్మా. తుప్పు పోయి పదిరోజులైంది."

ఎడిటర్ స్టూలు మీద కూలబడింది.

"నా పత్రిక ఒక్కటైనా చూసిందా?"

"పోయిన సంచిక చూసింది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయింది."

"నా గురించి ఏమైనా అందా?"

బాబాయ్ కళ్ళజోడు తీశాడు. ఆ అమ్మాయి మొహం చూడలేక వీధి వైపు తిరిగాడు.

"'ఆ పిల్లకున్న కోపంలో సగం ఆ రోజు నాకుంటే దూది పేరు పోయేది కాదు' అంది, సంతలో నీ బల్ల దగ్గర్నుంచి తిరిగొచ్చి."