ఆల్తగ్రాసియా తల్లి పటం కింద

తలుపు చప్పుడవగానే ఎర్సీలియా మంచం వెనక నక్కింది.

"నేనేనమ్మా, యుదెల్కాని! మనవరాలి బాప్తిస్మానికైనా రావా?"

"మెల్లిగా! నా వీసా అయిపోయి మూడు నెలలు. ఊరికి తిరిగి వెళ్దామని విమానం ఎక్కబోయినా పట్టేస్తారే!"

"ఏదీ, ఆ పాస్‌పోర్టు ఇలా తే."

పేజీకి కొవ్వొత్తి మైనంతో అతుక్కుపోయిన తమ దేశపు మేరీమాత, ఆల్తగ్రాసియా తల్లి చిన్న పటాన్ని కూతురు మెల్లగా ఊడదీసింది. కింద విమానాశ్రయంలో వేసిన ముద్ర కనిపించింది.

"పిచ్చి అమ్మా! వీసా న్యూయార్క్‌లో దిగడానికే. ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఈ ముద్ర. చూడు, జూన్ రెండు దాకా!"

"అయితే ఇన్నాళ్లూ ఊరికే దాక్కున్నానా!" ఎర్సీలియా నవ్వుతూ కిటికీ తెర తీసింది. "ఇవాళ తేదీ ఎంతే?"

యుదెల్కా క్యాలెండరు వైపు చూసింది. లేచి తెర మళ్లీ మూసేసింది.

"మూడమ్మా."