ఉప్పెక్కువైన పులుసు

మా నంద్యాల కాలేజీలో ప్రతి పిల్ల ముందూ ఒక మాట్లాడే పలక ఉంటుంది. కథ ఇస్తే చాలు, స్త్రీ వైపు నుంచి, కూలి వైపు నుంచి, కులం వైపు నుంచి విప్పి చెబుతుంది. దాని గొంతు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్లు కథలు చెప్పిన నాకిప్పుడు మిగిలిన పని, సాయంత్రం ఆ పలకలన్నిటికీ ఛార్జింగ్ పెట్టడం.

నిన్న పెట్టలేదు. ఈ ఉదయం అవి నల్లగా పడి ఉంటే, నేను రాసిన కథనే ఎవరిదో చెప్పకుండా చదివాను. హాస్టల్లో కొత్త వంటమనిషిని అందరూ మెచ్చుకుంటుంటే ఓర్వలేక, పాత వంటమనిషి ఆమె పులుసులో గుప్పెడు ఉప్పు కలుపుతుంది.

"ఇప్పుడు మీ బుర్రతో చెప్పండి," అన్నాను.

వెనక బెంచీలోంచి రబియా లేచింది.

"ఈ కథ మీరే రాసినారు గదా మేడం? ఉప్పేసినామె కడుపుమంట మీకు బాగా తెలుసు. నిన్న పలకలకు ఛార్జింగ్ పెట్టనిది గూడా అందుకే గదా?"

నా చెవులు వేడెక్కాయి. అయినా లోపల పొంగిపోయాను. ఇంత బాగా కథ చదివిన పిల్ల నా తరగతిలో ఇంతవరకూ లేదు.

"ఇట్లా చదవడం ఎవరు నేర్పినారమ్మా?" అని అడిగాను, నా పేరు చెబుతుందని.

"పలకే మేడం," అంది రబియా. "కథలో వాళ్లనే కాదు, చెప్పేవాళ్లను గూడా చూడమంటాది."